ఇంజన్ మారితేనే బతికిన జీపు

యుద్ధకాలపు జీపును తొలినాటి స్థితికి తేవాలంటే, దాన్ని ఇన్నాళ్లూ నడిపించిన మెకానిక్కుల పనితనాన్నే ముందు ఊడదీయాలి

గ్రీజు, మట్టి కలిసి గట్టిపడిన పొరను కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో రుద్దితే బోల్టు తల మీద చిన్న అక్షరం బయటపడుతుంది: ‘ఎఫ్’. పాత జీపును ముందేసుకుని కూర్చున్న వారికి అంతకన్నా సంబరం ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ డిజైను ప్రకారం ఫోర్డ్ కంపెనీ కూడా జీపులు తయారు చేసింది. చిన్నాచితకా బోల్టుల మీద కూడా తన అక్షరం కొట్టింది. 1941-45 మధ్య ఆ రెండు కంపెనీల నుంచి 6 లక్షలకు పైగా జీపులు బయటికొచ్చాయి. ఇంఫాల్, కోహిమా, బర్మా యుద్ధరంగాల్లో తిరిగిన వాటిలో కొన్ని యుద్ధం ముగిశాక సైనిక మిగులు సామగ్రిగా అమ్ముడుపోయి మన దేశంలోనే ఉండిపోయాయి.

అయితే బానెట్ ఎత్తితే ఆ సంబరం చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతుంది. లోపల ఉండేది డీజిల్ ఇంజన్. పెట్రోలు ధర చూసి గుండె గుభేలుమన్న యజమానులు అసలు ఇంజన్‌ను తుక్కు కింద అమ్మేసి, ప్యూజో డీజిల్ ఇంజనో, మరొకటో ఎక్కించారు. కొత్త ఇంజన్ కూర్చోడానికి చాసిస్ మీది పాత మౌంటింగ్‌లను గ్యాస్‌తో కోశారు. గేర్‌బాక్స్‌కు, ఇంజన్‌కు మధ్య లేత్ మీద చేసిన పలక బిగించారు. ఎడమ వైపున్న స్టీరింగ్‌ను కుడికి మార్చారు. స్వచ్ఛతావాదులకు ఇదంతా ఘోరంగా కనిపించొచ్చు. కానీ ఆ మార్పులే లేకపోతే ఈ జీపుల్లో చాలావాటిని ఎప్పుడో ముక్కలుగా కోసి కరిగించేసేవారు. ఇంటిముందు బొమ్మలా నిలబెట్టుకోవడానికి అప్పట్లో ఎవరికీ స్తోమతా లేదు, సరదా కూడా లేదు.

ఇప్పుడు ఆ సరదా పుట్టింది. దాంతోపాటే అసలు ఇంజన్ కోసం వేట కూడా మొదలైంది. ‘గో డెవిల్’ అని పేరున్న ఆ ఇంజన్ నిర్మాణం చాలా సాదాసీదా. 4 సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 అశ్వశక్తి. వాల్వులు హెడ్డులో కాక బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉంటాయి. హెడ్డు అంటే దాదాపు ఒక మూతే. నాసిరకం పెట్రోలుతోనైనా నడిచేలా కంప్రెషన్‌ను బాగా తక్కువగా ఉంచారు. యుద్ధరంగంలో మామూలు పనిముట్లతో విప్పి బిగించగలగడమే దాని గొప్పతనం.

దశాబ్దాలు షెడ్డులో పడి ఉన్న ఇంజన్‌లో పిస్టన్లు పట్టేసి ఉంటాయి. తొందరపడి సుత్తి అందుకుంటే పని చెడుతుంది. సిలిండర్లలో డీజిల్, పల్చని ఆయిల్ కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వాలి. విప్పాక కనిపించే అసలు శత్రువు తుప్పు కాదు, పగులు. వాల్వు కూర్చునే చోటి నుంచి సిలిండర్ గోడ దాకా వెంట్రుకవాసి గీత ఉంటే పోత ఇనుప బ్లాకు కథ దాదాపు ముగిసినట్టే. దాన్ని మామూలుగా వెల్డింగ్ చేస్తే వేడి సమంగా పాకక పక్కనే మరో పగులు తేలుతుంది. ఒక్కొక్క మేకు దింపుతూ కుట్టేసినట్టు పూడ్చే పద్ధతి ఉంది గానీ, అది తెలిసిన చేతులు తక్కువ. బ్లాకు బాగుంటే మిగతాదంతా లేత్ పనే. సిలిండర్లకు బోరు కొట్టి ఓ సైజు పెద్ద పిస్టన్లు వేయడం, క్రాంక్ షాఫ్ట్‌ను గ్రైండింగ్ చేసి దానికి తగ్గ బేరింగులు అమర్చడం. పెట్రోలు పంపులోని డయాఫ్రం సంగతి మాత్రం మర్చిపోకూడదు. 20 శాతం ఇథనాల్ కలిసే నేటి పెట్రోలుకు 1940ల నాటి రబ్బరు తట్టుకోదు.

గేర్‌బాక్స్ ఇంకో తలనొప్పి. మూడు గేర్ల ‘టి-84’ను యుద్ధకాలపు జీపుల్లోనే వాడారు. రెండో గేరు దానంతటదే జారిపోతుందన్న అపఖ్యాతి దానిది. అసలు సరుకు దొరక్క చాలామంది యుద్ధానంతర జీపుల ‘టి-90’తో సరిపెట్టుకుంటారు. ఈ విషయంలో భారతీయులు అదృష్టవంతులే. మహీంద్రా జీపులు విల్లీస్ వంశానివే కాబట్టి టి-90 గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఇక్కడ దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నాయి. పాత సామాన్ల బజారులో ఓపిగ్గా వెతికితే పళ్లు అరగని గేరు ఇప్పటికీ దొరకొచ్చు.

మరమ్మతు చేసిన జీపు అన్న మాటకు మన దేశ చరిత్రలో మరో అర్థం కూడా ఉంది. 1948లో కశ్మీర్ పోరు సాగుతుండగా లండన్‌లో నాటి హైకమిషనర్ వి.కె. కృష్ణ మీనన్ హయాంలో పాత జీపులను బాగు చేయించి తెప్పించే ఒప్పందం కుదిరింది. చేరినవి 155. అవీ పనికిరానివని తేలింది. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా పేరుపడిన ఆ వ్యవహారాన్ని ప్రభుత్వం 1955లో ముగిసిన అధ్యాయమని ప్రకటించింది. రంగు మెరిసినంత మాత్రాన లోపలి యంత్రం బాగుపడినట్టు కాదని షెడ్డుల్లోని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక కాగితాల గొడవ. 2021 జూలైలో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటిన వాహనానికి రూ.20,000 రుసుముతో ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కానీ చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అంటే డీజిల్ ఇంజన్‌తో బతికి బట్టకట్టిన జీపుకు ఆ గౌరవం దక్కడం కష్టమే. ఫోర్డ్ జీపులో ఇంజన్ మీది నంబరే చాసిస్ మీద కూడా కొట్టేవారు. తుక్కులో కలిసిపోయిన ఆ ఇంజన్‌ను ఎక్కడి నుంచి తేగలరు?

నిజానికి అచ్చమైన ఫోర్డ్ జీపు 1945లోనే అరుదు. సైనిక వర్క్‌షాపుల్లో ఏ భాగం చేతికందితే అది బిగించి బండిని మళ్లీ ముందుకు పంపేవారు. విల్లీస్ ఇరుసు మీద ఫోర్డ్ బాడీ, ఫోర్డ్ చాసిస్‌లో విల్లీస్ ఇంజన్. ఆ లెక్కన చూస్తే ప్యూజో ఎక్కించిన మెకానిక్కు ఆ సంప్రదాయాన్నే కొనసాగించాడు. అందుకే కొందరు ఒక మధ్యేమార్గం ఎంచుకుంటున్నారు. అసలు ఇంజన్ దొరికేదాకా చాసిస్‌ను ఇక కోయరు. దొరికిన ప్రతి ‘ఎఫ్’ బోల్టునూ శుభ్రం చేసి, నూనె రాసి, చీటీ కట్టి డబ్బాలో దాస్తారు. బండి మాత్రం డీజిల్ పొగ వదులుతూ తిరుగుతూనే ఉంటుంది.