మంచు మైదానం ఎవరిది?
ఉత్తర అమెరికాలో ఐస్ హాకీ పుట్టుక, నిర్మాణం



మేము ఈ హాస్టల్‌లో ఉన్న రోజుల్లో వంద మందికి పైగా పిల్లలకు ఒకే ఒక్క వాలీబాల్ ఉండేది. పక్కనున్న మైదానంలో ముందు వేరేవాళ్లు ఆడుకునేవారు. వాళ్లు వెళ్లాక, పొద్దు గూకే వేళకు అది మాకు దొరికేది. స్టడీ అవర్ గంట కొట్టేలోగా అరగంట ఆడామంటే అదే పండగ. ఇప్పుడు పీజీలో లైబ్రరీలో కూర్చుని ఆటల చరిత్ర చదువుతుంటే, ఎక్కడో మంచు దేశంలో కూడా అచ్చం మాలాగే ఆడినవాళ్లు కనిపించారు. వాళ్ల కథ మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

ఆట ఏమిటి?

మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ గడ్డి మీద ఆడేది. ఐస్ హాకీ గడ్డకట్టిన నీటి మీద ఆడేది. బూట్ల కింద కత్తిలాంటి ఉక్కు పట్టీ ఉంటుంది. బంతికి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్ల వాడతారు. దాని అడ్డుకొలత 3 అంగుళాలు, మందం 1 అంగుళం. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు మంచు మీద ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఈ ఆట చాలా వేగంగా సాగుతుంది కనుక సుమారు నిమిషానికొకసారి ఆటగాళ్లు మారుతూ ఉంటారు.

పుట్టుక

కెనడాలో చలికాలం వస్తే చెరువులు, నదులు గడ్డకడతాయి. కర్ర పట్టుకుని మంచు మీద ఆడే ఆటలు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే నాలుగు గోడల మధ్య, లెక్క ప్రకారం ఆడిన తొలి ఆటగా చరిత్రకెక్కినది 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింకులో జరిగింది. హాలిఫాక్స్ నుంచి వచ్చిన జేమ్స్ క్రైటన్ దాన్ని ఏర్పాటు చేశాడు. అప్పుడు జట్టుకు తొమ్మిది మంది. 1877లో మాంట్రియల్ పత్రికలో నియమాలు అచ్చయ్యాయి. 1886లో కెనడా అమెచ్యూర్ హాకీ సంఘం ఏర్పడింది. ఆట నియమంగా మారడానికి, నియమం సంఘంగా మారడానికి పదకొండేళ్లు చాలాయి.

1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఒక వెండి గిన్నెను బహుమతిగా ఇచ్చాడు. 1893లో తొలిసారి దాన్ని గెలుచుకున్నది మాంట్రియల్ జట్టే. అదే నేటికీ ఆడుతున్న ‘స్టాన్లీ కప్’. గెలిచిన జట్టులోని ఆటగాళ్ల పేర్లు దాని మీద చెక్కుతారు. 1919లో ఇన్‌ఫ్లూయెంజా జ్వరాల వల్ల ఫైనల్ మధ్యలోనే ఆగిపోయింది.

లీగు ఎలా పెరిగింది?

మొదట డబ్బు తీసుకుని ఆడటం తప్పుగా చూసేవారు. కాని జనం టిక్కెట్టు కొని చూస్తున్నప్పుడు ఆ డబ్బు ఎవరికి చేరాలి? ఈ ప్రశ్నతోనే వృత్తి ఆటగాళ్ల లీగులు మొదలయ్యాయి. 1911లో పాట్రిక్ సోదరులు పశ్చిమ తీరంలో కొత్త లీగు పెట్టి, వాంకూవర్, విక్టోరియా నగరాల్లో కృత్రిమ మంచు రింకులు కట్టారు. దాంతో చలి తక్కువగా ఉండే ఊళ్లకూ ఆట చేరింది. 1917 నవంబరు 26న మాంట్రియల్‌లో నేషనల్ హాకీ లీగు, అంటే ఎన్‌హెచ్‌ఎల్ పుట్టింది. 1924లో బోస్టన్ జట్టు చేరడంతో అది అమెరికాలోకి అడుగుపెట్టింది. 1942 నుంచి 1967 దాకా ఆరే జట్లు. 1967లో ఒక్కసారిగా పన్నెండయ్యాయి. ఇప్పుడు 32 జట్లు. అందులో 25 అమెరికావి, 7 మాత్రమే కెనడావి. ఆట పుట్టిన దేశం కంటే డబ్బున్న పెద్ద నగరాలున్న దేశానికే ఎక్కువ జట్లు!

నిర్మాణాన్ని ఒక నిచ్చెనలా ఊహించుకోండి. అడుగున ఊరి క్లబ్బులు, బడులు ఉంటాయి. వాటిని కెనడాలో హాకీ కెనడా, అమెరికాలో యుఎస్‌ఏ హాకీ అనే సంఘాలు చూసుకుంటాయి. ఆపైన కెనడాలో 16 నుంచి 20 ఏళ్లవారికి మూడు పెద్ద జూనియర్ లీగులు, అమెరికాలో యూనివర్సిటీ జట్లు ఉంటాయి. ఏటా ‘డ్రాఫ్ట్’ పేరుతో ఎన్‌హెచ్‌ఎల్ జట్లు యువ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. వెనకబడిన జట్లకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. ఎంపికైనవారిలో చాలామంది అమెరికన్ హాకీ లీగులో రాటుదేలాక పైమెట్టు ఎక్కుతారు. పైమెట్టులో 16 జట్లు ప్లేఆఫ్‌కు చేరతాయి. ఒక్కో రౌండులో నాలుగు ఆటలు ముందుగా గెలిచిన జట్టు ముందుకు వెళుతుంది. అలా నాలుగు రౌండ్లు గెలిస్తే కప్పు.

ఈ నిచ్చెన మీద ఆటగాడి మాటకు విలువ ఊరికే రాలేదు. 1957లో టెడ్ లిండ్సే అనే పేరున్న ఆటగాడు ఆటగాళ్ల సంఘం పెట్టబోతే, యాజమాన్యం ఆయన్ను డెట్రాయిట్ నుంచి షికాగో జట్టుకు పంపేసింది. ఆ ప్రయత్నం వమ్మయింది. మరో పదేళ్లకు, 1967లో గాని సంఘం నిలబడలేదు.

నిచ్చెన బయట ఉన్నవాళ్లు

ఇంతవరకు చెప్పింది అందరూ చెప్పే చరిత్ర. ఇక మేము చెప్పదలచుకున్న అసలు సంగతి.

తొలినాళ్లలో మేలైన హాకీ కర్రలు చెక్కినవాళ్లు నోవా స్కోషియాలోని మిక్‌మాక్ ఆదివాసులు. వాళ్ల కర్రలు దూరదూరాలకు అమ్ముడయ్యాయి. కర్ర వాళ్లది, పేరు మాత్రం ఇతరులది.

అదే నోవా స్కోషియాలో నల్లజాతివారికి తెల్లవారి జట్లలో చోటు లేదు. 1895లో హాలిఫాక్స్‌లో బాప్టిస్టు చర్చి పెద్దలు తమ యువకుల కోసం సొంత లీగు పెట్టుకున్నారు. ఎన్‌హెచ్‌ఎల్ కంటే అది 22 ఏళ్లు ముందు! తెల్లవాళ్ల లీగులు వాడుకున్నాక మిగిలిన రోజుల్లోనే వాళ్లకు రింకు దొరికేది. ఆ మిగులు మంచు మీదే వాళ్లు కొత్త విద్యలు కనిపెట్టారు. హెన్రీ ఫ్రాంక్లిన్ అనే గోల్‌కీపర్ మంచు మీదికి వాలి పక్‌ను ఆపేవాడు. ఎన్‌హెచ్‌ఎల్ తన గోల్‌కీపర్లకు ఆ వీలు ఇచ్చింది 1918లో. కర్రను వెనక్కెత్తి బలంగా కొట్టే ‘స్లాప్‌షాట్’ను మొదట ఆడింది ఎడ్డీ మార్టిన్ అని ఆ లీగు చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ లీగు జట్లలో ఒకటి ఆఫ్రిక్‌విల్ అనే పేటది. 1960లలో హాలిఫాక్స్ నగరం ఆ పేటను కూలగొట్టి జనాన్ని తరలించింది. 2010లో గాని క్షమాపణ చెప్పలేదు.

1958 జనవరి 18న విల్లీ ఓరీ బోస్టన్ జట్టు తరఫున ఆడి, ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి నల్లజాతి ఆటగాడయ్యారు. అప్పటికే ఆయన కుడి కన్ను దాదాపు పోయింది. ఆ సంగతి బయటపడితే ఆడనివ్వరని ఎవరికీ చెప్పలేదు. ఆయన తర్వాత మరో నల్లజాతి ఆటగాడు ఆ లీగుకు రావడానికి 1974 దాకా పట్టింది. తలుపు ఒకసారి తెరుచుకున్నంత మాత్రాన అది తెరిచే ఉంటుందని అనుకోకూడదు. ఓరీకి హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కింది 2018లో.

ఫ్రెడ్ ససకమూస్ క్రీ తెగ బిడ్డ. చిన్నప్పుడే తల్లిదండ్రుల నుంచి విడదీసి ఆయన్ను రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. ఆ బడుల్లో లక్షా యాభై వేలకు పైగా ఆదివాసీ పిల్లలను పెట్టి, వాళ్ల భాషను, ఆచారాలను మాన్పించారు. ఆయన అక్కడ బాధలూ పడ్డారు, హాకీ కూడా అక్కడే నేర్చుకున్నారు. 1953-54లో షికాగో తరఫున 11 ఆటలు ఆడి, తర్వాత తన ఊరికి తిరిగొచ్చి పిల్లలకు ఆట నేర్పారు. కెనడా ప్రభుత్వం ఆ బడుల విషయంలో క్షమాపణ చెప్పింది 2008లో. హాస్టల్ అనే మాటకు లోకంలో ఇలాంటి అర్థం కూడా ఉందని చదివినప్పుడు మాకు నోట మాట రాలేదు. మన హాస్టల్ మనల్ని అమ్మానాన్నలకు దూరం చేయలేదు. సెలవులకు వెళ్లి వాళ్లకు ఉత్తరం చదివి పెట్టే బిడ్డలుగా చేసింది. ఈ తేడాను మనం మరవకూడదు, ఎవరూ చెరపకుండా కాపాడుకోవాలి.

భారత మూలాలున్న తొలి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు రాబిన్ బావా 1989లో వచ్చారు. ఆడవాళ్లు 1890ల నాటికే ఆడుతున్నా, ఒలింపిక్స్‌లో వాళ్ల హాకీకి చోటు 1998లో దొరికింది. ఇప్పుడున్న మహిళల వృత్తి లీగు 2024 జనవరి 1న మొదలైంది.

మనకేమిటి?

పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండులో వందకు పైగా వికెట్లు తీసిన దళిత బౌలర్. కులం వల్ల ఆయనకు కెప్టెన్సీ దక్కలేదు. కాబట్టి ఇది ఒక్క మంచు దేశం కథ కాదు.

మాకు అర్థమైంది రెండు మాటలు. ఒకటి, చోటు ఇవ్వకపోతే హాలిఫాక్స్ వాళ్లలా మనమే కూడి ఏర్పాటు చేసుకోవాలి. రెండు, ఏర్పాటు చేసుకున్నదాన్ని రాసి పెట్టుకోవాలి. ఆ నల్లజాతి లీగు 1930 ప్రాంతంలో కనుమరుగైంది. 2004లో ఫాస్టీ సోదరులు పుస్తకం రాసేదాకా చాలామందికి అది ఉండేదనే తెలియదు. రాయనివాడి గోలు లెక్కలోకి రాదు.

మా బ్యాచ్ మండల స్థాయి వాలీబాల్‌లో గెలిచింది. ఆ జట్టులో ఎవరెవరున్నారో ఈ రోజు ఏ కాగితం మీదా లేదు. అందుకే వార్డెన్ సార్‌కు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది నుంచి హాస్టల్‌లో ఆటల రిజిస్టరు ఒకటి పెట్టండి. చుట్టుపక్కల హాస్టళ్లతో కలిసి చిన్న పోటీ పెట్టుకోండి. తేదీ, జట్టు, పేర్లు, స్కోరు రాయండి. మొదటి రిజిస్టరు, రెండు వాలీబాళ్లు మా బ్యాచ్ తరఫున ఈ వార్షికోత్సవం రోజునే ఇస్తున్నాం. మొదటి పేజీ మీరు నింపండి.