జరగని చరిత్రకు పటం గీయడం: ప్రత్యామ్నాయ చరిత్ర పటాలు, ఊహాదేశాలు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ప్రత్యామ్నాయ చరిత్ర పటం, ఊహాదేశ పటం, ప్రతిపాదిత పటం – ఈ మూడింటి మధ్య తేడాను వివరించగలుగుతారు.
• జరగని చరిత్రను ఊహించడంపై చరిత్రకారుల అభిప్రాయాలను పేర్కొనగలుగుతారు.
• 1955-56 నాటి తెలుగు ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని, అటువంటి పటాన్ని ఆధారాలతో గీయగలుగుతారు.
• ఇతరులు గీసిన పటాన్ని నిష్పాక్షికంగా చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

"1956లో ఆంధ్ర, తెలంగాణ కలవకపోయి ఉంటే ఏమయ్యేది?" ఈ ప్రశ్నను మీరు ఇంట్లోనో, బస్సులోనో, పెళ్ళి పందిట్లోనో వినే ఉంటారు. జవాబు చెప్పేవాళ్ళకు కొదవ ఉండదు. ఒకరు "స్వర్గంలా ఉండేది" అంటారు, మరొకరు "సర్వనాశనమయ్యేది" అంటారు. ఇద్దరూ ఆధారం చూపరు.

ఇదే ప్రశ్నకు కాగితం మీద పటం గీసి జవాబు చెప్పమంటే పరిస్థితి మారిపోతుంది. సరిహద్దు ఏ ఊరి మీదుగా వెళుతుందో, రాజధాని ఎక్కడుంటుందో, నది నీళ్ళను ఎవరు ఎలా పంచుకుంటారో చెప్పక తప్పదు. మాటల్లో దాటవేయగలిగిన విషయాన్ని గీతలో దాటవేయలేం. అందువల్లనే చరిత్ర విద్యార్థులకు ఈ అభ్యాసం ఉపయోగపడుతుంది. దీనికి కొన్ని నియమాలు ఉన్నాయి. వాటిని పాటించకపోతే మిగిలేది కాలక్షేపమే, ఒక్కోసారి తగాదా కూడా.

2. మూడు రకాల పటాలు

ఊహతో గీసిన పటాలన్నీ ఒకటి కావు. వాటిని మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది ఊహాదేశ పటం. ఇందులోని దేశం భూమి మీద ఎక్కడా లేదు. థామస్ మోర్ రాసిన 'యుటోపియా' 1516లో వెలువడినప్పుడు అందులో ఆ ద్వీపం పటాన్ని కూడా ముద్రించారు. తన కాలపు ఇంగ్లండులోని భూమి సమస్యను, శిక్షల కాఠిన్యాన్ని ప్రశ్నించడానికి మోర్ లేని ద్వీపాన్ని సృష్టించాడు. మన దేశంలో ఆర్.కె. నారాయణ్ సృష్టించిన మాల్గుడి అటువంటిదే. ఆయన కథలలోని వివరాల ఆధారంగా ఇతరులు ఆ ఊరికి పటం గీశారు. ఇటువంటి పటాన్ని "ఇది నిజమా?" అని అడగరు. "ఇందులోని వివరాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా?" అని అడుగుతారు.

రెండవది ప్రతిపాదిత పటం. ఇది గీసినవారు దాన్ని నిజం చేయాలని కోరుకుంటారు. పాకిస్తాన్ పేరును ప్రచారంలోకి తెచ్చిన చౌధరీ రహమత్ అలీ, బెంగాల్-అస్సాం ప్రాంతానికి 'బంగిస్తాన్' అనీ, హైదరాబాద్ సంస్థానానికి 'ఉస్మానిస్తాన్' అనీ పేర్లు పెట్టాడు. హైదరాబాద్‌లో ప్రజలలో అత్యధికులు హిందువులు. వారి వ్యవహార భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం; ఉర్దూ మాట్లాడేవారు కొద్దిమంది. ఉస్మానిస్తాన్ అనే పేరు పెట్టేటప్పుడు ఈ ప్రజలలో ఎవరినీ ఎవరూ సంప్రదించలేదు. ప్రతిపాదిత పటాలను చూసినప్పుడు మనం ముందుగా గమనించవలసింది ఇదే: గీసింది ఎవరు? ఎవరి తరఫున?

మూడవది ప్రత్యామ్నాయ చరిత్ర పటం. నిజంగా జరిగిన ఒక ఘటన మరో విధంగా జరిగి ఉంటే సరిహద్దులు ఎలా ఉండేవో ఇది చూపిస్తుంది. ఈ పాఠంలో మనం ప్రధానంగా చర్చించేది దీన్నే.

3. చరిత్రకారుల అభిప్రాయాలు

ఈ ఆలోచన కొత్తది కాదు. అలెగ్జాండర్ పడమటికి తిరిగి ఇటలీ మీదికి వచ్చి ఉంటే రోమ్ నిలిచేదా అని రోమన్ చరిత్రకారుడు లివీ రెండు వేల ఏళ్ళ క్రితమే చర్చించాడు. 1876లో ఫ్రెంచి తాత్త్వికుడు రెనూవియే జరగని చరిత్రను రాసి, ఆ ప్రక్రియకు ఫ్రెంచిలో 'యుక్రోనీ' అని పేరు పెట్టాడు.

అయితే అందరూ దీన్ని అంగీకరించలేదు. 1961లో వెలువడిన 'వాట్ ఈజ్ హిస్టరీ?' గ్రంథంలో ఇ.హెచ్. కార్ దీన్ని పొద్దుపుచ్చే ఆటగా తీసిపారేశాడు. జరిగినదాన్ని వివరించడమే చరిత్రకారుని పని అని ఆయన అభిప్రాయం. ఓడిపోయినవాళ్ళే "అలా జరిగి ఉంటే" అని వాపోతారని కూడా ఆయన ఎత్తి చూపాడు. ఈ విమర్శలో బలం ఉంది. మన చుట్టూ వినిపించే చాలా ఊహలు ఆ కోవలోవే.

దీనికి సమాధానం సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అంతకుముందే చెప్పాడు. "ఫలానా యుద్ధం ముఖ్యమైనది" అని అన్నామంటే, "అది మరోలా ముగిసి ఉంటే తర్వాతి చరిత్ర వేరుగా ఉండేది" అని ఒప్పుకున్నట్లే. మారథాన్ యుద్ధాన్ని ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. అంటే, కారణాన్ని చెప్పే ప్రతి వాక్యం వెనుకా ఒక జరగని చరిత్ర దాగి ఉంటుంది. దాన్ని దాచి ఉంచడం కంటే బయటపెట్టి పరీక్షించడం మేలు.

పరీక్షించడం ఎలా? 1997లో నియాల్ ఫెర్గూసన్ ఒక హద్దు సూచించాడు: ఆ కాలపు మనుషులు తాము నిజంగా పరిశీలించిన, పత్రాలలో నమోదైన ప్రత్యామ్నాయాలనే మనం పరిగణించాలి. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. ఇప్పుడు తీసుకోబోయే ఉదాహరణ దీని మీదే ఆధారపడి ఉంది.

4. ఉదాహరణ: 1956లో గీయని గీత

4.1 నేపథ్యం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఫజల్ అలీ అధ్యక్షతన, హెచ్.ఎన్. కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని నియమించింది. సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలను, తెలంగాణవారి భయాలను రెండింటినీ పరిశీలించి, ప్రస్తుతానికి తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగానే ఉంచాలని సూచించింది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, హైదరాబాద్ శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరుకుంటే ఆంధ్రతో కలపవచ్చునని చెప్పింది.

అలా జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న తెలంగాణ మళ్ళీ వేరు రాష్ట్రమైంది.

సంఘం సూచన ఒక అధికారిక నివేదికలో ఉంది. దాని మీద ఆనాడు విస్తృతంగా చర్చ జరిగింది. కాబట్టి "ఆ సూచనను యథాతథంగా అమలు చేసి ఉంటే?" అన్నది పైన చెప్పిన నియమానికి సరిపోయే ప్రశ్న.

4.2 పటం గీసే పద్ధతి

మొదటి మెట్టు – మలుపును ఒకే ఒక్క ఘటనకు పరిమితం చేయండి. ఇక్కడ మన మలుపు: 1956 ఆరంభంలో కేంద్రం సంఘం సూచనను ఆమోదించింది. అంతే. దీనితోపాటు మరో నాయకుడిని ముఖ్యమంత్రిని చేయడం, మరో నగరాన్ని కట్టడం వంటివి చేర్చకూడదు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

రెండవ మెట్టు – ఆ తేదీ నాటి పటాన్ని తీసుకోండి. విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఒక అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి తీసుకున్నప్పుడు ఈ పటమే గీయమన్నాను. దాదాపు అందరూ నేటి తెలంగాణ పటాన్ని పెట్టుకుని దాని అంచు వెంబడి పెన్సిల్ తిప్పారు. భద్రాచలం తెలంగాణలో పడింది, బీదర్ బయటపడింది. ఆనాటి పరిస్థితి అందుకు భిన్నం. భద్రాచలం తాలూకా అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 1959లో గాని ఖమ్మం జిల్లాలో చేరలేదు. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆ వైపు కొన్ని మండలాలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. బీదర్ జిల్లాను సంఘం హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంచమంది. నిజంగా జరిగినదేమంటే, ఆ జిల్లాలో చాలా భాగం మైసూరుకు వెళ్ళింది, జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాలో కలిశాయి.

మునగాల సంగతి మరీ ఆసక్తికరం. నల్గొండ జిల్లా మధ్యలో ఉన్నా అది కృష్ణా జిల్లాకు చెందిన భూభాగం. దాన్ని హైదరాబాద్ రాష్ట్రంలో చేర్చమని సంఘం సూచించింది. ఆ తరగతిలో మునగాల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఉంది. "మా ముత్తాత పొరుగూరి సంతకు వెళితే దారిలో కరోడ్‌గిరి వాళ్ళు మూటలు విప్పించేవారట సార్, అక్కడ నాణెం కూడా వేరట" అని చెప్పింది. నిజాం రాజ్యంలో కరోడ్‌గిరి అంటే సుంకాల శాఖ, హాలీ సిక్కా అక్కడి సొంత నాణెం. తరగతిలో అంతవరకు గీత అంటే పెన్సిల్ గీతే. ఆమె మాట విన్న తర్వాత అందరూ రబ్బరు తీసి మళ్ళీ మొదలుపెట్టారు.

మూడవ మెట్టు – మారనివాటిని గుర్తించండి. నదులు, రైలుమార్గాలు, అప్పటికే మొదలైన పనులు మన మలుపుతో మాయం కావు. "రాష్ట్రాలు కలవకపోతే నాగార్జునసాగర్ వచ్చేదే కాదు" అని కొందరు అంటారు. ఆ ప్రాజెక్టుకు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. అప్పటికి ఆంధ్ర, హైదరాబాద్ రెండు వేర్వేరు రాష్ట్రాలు; అది వాటి ఉమ్మడి ప్రాజెక్టు. తుంగభద్ర కూడా అటువంటి ఉమ్మడి పనే. కాబట్టి ఆనకట్టను పటంలో ఉంచాలి. నీటి పంపకం, ఖర్చు వాటాలు అలాగే సాగేవని మాత్రం ఖాయంగా చెప్పలేం.

నాల్గవ మెట్టు – మారేవాటిని ఒక్కొక్కటిగా గుర్తించండి. ఆంధ్ర రాజధాని కర్నూలులోనే, 1954లో ఏర్పడిన హైకోర్టు గుంటూరులోనే 1956 తర్వాత కూడా కొనసాగేవి. రాయలసీమ, కోస్తా నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతంలో ఉండాలి. కాబట్టి రాజధాని గురించిన చర్చ రాయలసీమ, కోస్తాల మధ్య ముందుకు వచ్చి ఉండేదని ఊహించడానికి ఆధారం ఉంది. మరొకటి: 1969లో ఏర్పాటైన కృష్ణా జలాల ట్రైబ్యునల్ ముందు మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ నిలబడ్డాయి. రెండు తెలుగు రాష్ట్రాలు అప్పటికీ వేరుగానే ఉండి ఉంటే నాలుగో పక్షం ఉండేది.

ఐదవ మెట్టు – ఎక్కడ ఆగాలో తెలుసుకోండి. సంఘం చెప్పిన ఎన్నికలు వాస్తవంలో 1962లో జరిగాయి. ఆ తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు వచ్చేదో, రాదో చెప్పడానికి మనకు ఆధారం లేదు. కాబట్టి అక్కడ పటం రెండుగా చీలాలి: ఒకటి కలిసినట్లు, రెండవది కలవనట్లు. ఆధారం ఉన్న సరిహద్దును నిండు గీతతో, ఆధారం కొంత ఉన్నదాన్ని విరుగు గీతతో, కేవల ఊహను చుక్కల గీతతో చూపండి. 1970 వచ్చేసరికి మీ పటంలో చుక్కలే ఎక్కువగా ఉంటే అది లోపం కాదు. అన్నీ నిండు గీతలే ఉంటేనే అనుమానించాలి.

5. పటాన్ని చర్చించడం

సరిహద్దుల చర్చ మనవంటి ప్రాంతాలలో సున్నితమైనది. రాష్ట్ర విభజన సమయంలో ఉద్యోగం ఏ రాష్ట్రానికి కేటాయిస్తారోనని ఎదురుచూసిన కుటుంబాలు, చదువులకు స్థానికత ఎక్కడిదో నిరూపించుకోవలసి వచ్చిన పిల్లలు మీలోనే ఉండవచ్చు. వారికి ఇది పెన్సిల్ గీత కాదు.

ఆ తరగతిలోనే ఇద్దరు విద్యార్థుల మధ్య మాట పెరిగింది. ఒకరి పటంలో ఆంధ్ర అంతా కరువు, మరొకరి పటంలో తెలంగాణ అంతా చీకటి. నేను ఇద్దరి పటాలూ మార్చి ఇచ్చాను. ఎదుటివారి పటంలో సరిహద్దు మీద ఉన్న ఒక ఊరిని ఎంచుకొని, ఆ ఊళ్ళో రైతుకు, పంతులుకు, పెళ్ళయి అవతలి ఊరికి వెళ్ళిన ఆడపిల్లకు ఏమి మారుతుందో ఒక పేజీ రాయమన్నాను. రాసిన తర్వాత వారి అభిప్రాయాలు మారలేదు. పటాలలోని రంగులు మాత్రం మారాయి. కరువూ చీకటీ తీసేసి కాలువలు, బస్సు రూట్లు గీశారు.

చర్చలో ఈ మూడు ప్రశ్నలు ఎప్పుడూ వేయండి:
అ) ఈ గీతకు ఆధారం ఏ పత్రం?
ఆ) ఈ పటంలో ఎవరికి లాభం, ఎవరికి నష్టం? గీసినవారు ఇద్దరినీ చూపించారా?
ఇ) గీసినవారికి నచ్చని ఫలితం ఈ పటంలో ఒక్కటైనా ఉందా?

మూడవ ప్రశ్నకు జవాబు "లేదు" అయితే, అది చరిత్ర పటం కాదు, కోరికల పటం. కార్ చేసిన విమర్శ దానికి పూర్తిగా వర్తిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ప్రతిపాదిత పటానికి, ప్రత్యామ్నాయ చరిత్ర పటానికి తేడా ఏమిటి?
2. 1955 నాటి పటంలో భద్రాచలం, మునగాల ఏయే జిల్లాలకు చెందినవి?
3. మలుపు ఘటన ఒక్కటే ఎందుకు ఉండాలి?

6. సారాంశం

నేటి సరిహద్దులు ప్రకృతి గీసినవి కావు. ఫలానా సంవత్సరంలో, ఫలానా కారణాలతో, కొందరు మనుషులు తీసుకున్న నిర్ణయాలు అవి. ఆ నిర్ణయాలు తీసుకున్నవారి ముందు వేరే దారులు కూడా ఉన్నాయి. ఆధారాలున్న ఒక దారిని ఎంచుకొని, ఒకే మలుపుతో, ఆనాటి పటంపై, తెలిసినంతవరకే గీసినప్పుడు, జరిగిన చరిత్ర ఎందుకు అలా జరిగిందో మనకు మరింత స్పష్టంగా అర్థమవుతుంది. ఏ గీతయినా ఎవరో ఒకరి ఇంటి ముందు నుంచి వెళుతుందని మరచిపోకుండా చర్చించడం ఈ అభ్యాసంలో అంతే ముఖ్యం.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జరగని చరిత్రను ఊహించడంపై కార్, వెబర్, ఫెర్గూసన్‌ల అభిప్రాయాలను చర్చించండి.
2. రాష్ట్రాల పునర్విభజన సంఘం సూచన అమలైనట్లు భావించి, 1962 వరకు తెలుగు ప్రాంతాల పటాన్ని గీసి, ప్రతి గీతకు కారణం వివరించండి.

II. కింది ప్రశ్నకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. మీ మండలం 1955లో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో మీ ఇంట్లో, మీ ఊళ్ళో పెద్దలను, పాత రికార్డులను అడిగి తెలుసుకొని రాయండి. ఇద్దరు చెప్పిన మాటలు వేరుగా ఉంటే రెండింటినీ రాయండి.