డాక్టరమ్మ దగ్గరికి తొలిసారి: ఒళ్ళు మనది, ఒప్పుకోలూ మనదే

గైనకాలజిస్టు దగ్గరికి పోవడమంటే మన ఇళ్ళలో ఇప్పటికీ రెండే సందర్భాలు. ఒకటి కాన్పు, రెండు ఆపరేషను. తన ఒంటి సంగతి తెలుసుకోడానికే ఆడది డాక్టరు దగ్గరికి పోవచ్చని మనకు చెప్పేవాళ్ళు తక్కువ. బళ్ళో ఆ పాఠం దాటేస్తారు, హాస్టల్లో ఆ మాటే ఎత్తరు. ఇంట్లో మొదటగా యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళం గనక ఆ లోటు ఎంతటిదో మాకు తెలుసు.

అనంతగిరి మండలాన్నే తీసుకుందాం. ఎస్.కోట నుంచి అరకు పోయే ఘాట్ రోడ్డు మీద ఉంది. 2022లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. రోడ్డు లేని కొండ ఊళ్ళ నుంచి గర్భిణిని డోలీలో మోసుకురావడం ఈ ఏజెన్సీలో ఇంకా ఆగలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండేది మామూలు డాక్టరు. ఆడవాళ్ళ డాక్టరు కావాలంటే అరకో, ఎస్.కోటో, లేదంటే విశాఖలో కేజీహెచ్చో, ఘోషా ఆసుపత్రో పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, దారి ఖర్చులు సరేసరి. కాబట్టి డాక్టరమ్మ ఏ రోజు ఉంటారో ఆశా కార్యకర్త చేత ముందే కనుక్కోవాలి. ఒకసారి ఊరికే తిరిగొస్తే రెండోసారి పోవడం జరగదు.

ఎప్పుడు పోవాలి? పదిహేనేళ్ళు దాటినా ముట్టు రాకపోతే, ముట్టు మధ్యలో గానీ, మొగుడితో కలిశాక గానీ రక్తం కనబడితే, ముట్లు ఆగిపోయాక మళ్ళీ కనబడితే, తెల్లబట్ట వాసనేస్తే, పని చేసుకోలేనంత నొప్పి ఉంటే పోవాలి. రక్తం ఆగకుండా పోతుంటే మాత్రం ముట్టు తగ్గేదాకా ఆగకూడదు, వెంటనే పోవాలి.

డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, కిందటి ముట్టు ఎప్పుడు వచ్చిందని. తేదీ గుర్తు లేకపోతే సిగ్గుపడాల్సింది లేదు, ఏ సంతకు ముందో ఏ పండక్కి తరవాతో చెప్పినా చాలు. రోజుకు ఎన్ని గుడ్డలు మార్చాల్సొస్తుంది, ఎన్ని కాన్పులు, ఎన్ని పోయాయి, ఏ ఆపరేషన్లు అయ్యాయి, ఏం మాత్రలు, ఏం పసర్లు వాడుతున్నారు, అన్నీ చెప్పాలి. ఏజెన్సీలో కొడవలి కణాల జబ్బు ఉంది గనక, ఆ పరీక్ష కార్డుంటే పట్టుకెళ్ళాలి. లోపల సబ్బుతో కడుక్కోనక్కర్లేదు, వెంట్రుకలు తీసుకోనక్కర్లేదు. చీరో లంగానో అయితే పరీక్షకు సులువు.

గదిలో ఏం జరుగుతుంది? ముందు మాటలు, తరవాత పొత్తికడుపు నొక్కి చూడడం. అవసరమైతేనే లోపలి పరీక్ష. లోపల కనబడేటట్టు ఒక పరికరం పెడతారు, లేదా గ్లవ్సు వేసుకున్న వేళ్ళతో చూస్తారు. కొన్ని నిమిషాల పని. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. నొప్పి పెడితే "ఆపండి" అనొచ్చు. పెళ్ళి కాని పిల్ల, మగవాళ్ళతో కలవని పిల్ల ఆ సంగతి ముందే చెప్పాలి. అలాంటివాళ్ళకు మామూలుగా పొట్ట మీద నుంచి స్కానింగ్ చేస్తారు. మగ డాక్టరైతే పక్కన నర్సో, తోడొచ్చిన మనిషో ఉండాలని అడగొచ్చు.

కువి, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఆడవాళ్ళకు తెలుగులో ఒంటి బాధ చెప్పడం కష్టం. భాష తెలిసి, విన్న మాట బయటికి పోనివ్వని ఆడమనిషిని తోడు తీసుకెళ్ళాలి. మొగుణ్ణి, అత్తను కొంతసేపు బయట ఉండమనడం తప్పు కాదు.

సంతకం సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఇదే ఏజెన్సీకి రెండో కొస అయిన భద్రాచలం వైపు ఏం జరిగిందో చూడండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, గర్భసంచి ముఖద్వార కాన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను ప్రయోగ పథకం కింద సుమారు 14 వేలమంది ఆడపిల్లలకు వేశారు. వాళ్ళలో హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ పిల్లలు చాలామంది. రెండు వేలకు పైగా ఒప్పుకోలు ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో పథకం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిదే, కాన్సరును ఆపుతుంది. అడగకుండా వెయ్యడమే అన్యాయం.

గర్భసంచి సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదికి పైనే. తెల్లబట్టకూ నడుం నొప్పికీ గర్భసంచి తీసెయ్యడం వైద్యం కాదు. "ఎందుకు తియ్యాలి? మందులతో తగ్గదా? అండాశయాలు కూడా తీస్తారా?" అని అడగాలి. ఇంకో డాక్టరుకు చూపించుకుని వస్తామని చెప్పాలి. సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పక్షానే ఉంది. పరీక్షకు ఒప్పుకోవడం ఆపరేషనుకు ఒప్పుకోవడం కాదంది. స్పృహలోకొచ్చి తనే నిర్ణయించుకోగల మనిషికి బదులు తల్లి ఒప్పుకోలు చెల్లదంది.

కార్యకర్తలు, టీచర్లు ఈ మాటలు కొండ ఊళ్ళకూ ఆశ్రమ పాఠశాలలకూ తీసుకెళ్ళాలి. చీటీ మీద రాసింది చదివి వినిపించమని అడిగే హక్కు, వేలిముద్ర వేసేవాళ్ళకూ ఉంది. అర్థమయ్యాకే వేలిముద్ర. అర్థం కాకపోతే వెయ్యొద్దు.