లైవ్ పాటకు మిక్సింగ్.. జేబుకు భారం కాకుండా!

జాతరైనా, బతుకమ్మ ఆటైనా, కాలేజీ వార్షికోత్సవమైనా అచ్చంపేట చుట్టుపక్కల పాట లేకుండా సాగదు. ఇప్పుడు స్టేజీ దగ్గర డిజిటల్ మిక్సర్లూ కనిపిస్తున్నాయి. వీటిలో చాలావరకు ఒక్కో మైకు శబ్దాన్ని ఒక్కో ట్రాకుగా ల్యాప్‌టాప్‌లోకో, ఎస్‌డీ కార్డులోకో రికార్డు చేయగలవు. ఆ ట్రాకులన్నీ కలిపి వినసొంపైన పాటగా మార్చడమే మిక్సింగ్. నేర్చుకుంటే చేతిలో ఓ పని ఉన్నట్టే. మరి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా? అక్కర్లేదు. అవసరాన్ని బట్టి ఎంచుకుంటే చాలు.

వేర్వేరు ట్రాకులు ఎందుకు?

మన జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన 12 మెట్ల కిన్నెరనే తీసుకోండి. సున్నితమైన నాదం. పక్కనే డప్పు మోగితే ఫోన్ రికార్డింగులో కిన్నెర వినిపించదు గాక వినిపించదు. తర్వాత సౌండ్ పెంచితే డప్పు కూడా పెరుగుతుంది. అదే కిన్నెరకు విడి ట్రాకు ఉంటే దాన్నొక్కదాన్నే పైకి తేవచ్చు. ఆ మైకులోకి చొరబడిన డప్పు మోతను కొంతవరకు తగ్గించవచ్చు. స్టూడియోలో అయితే మళ్లీ పాడిస్తారు. లైవ్‌లో రెండో టేక్ ఉండదు. అందుకే సాఫ్ట్‌వేర్ చవకగా ఉంటే సరిపోదు, నమ్మకంగా పనిచేయాలి.

ముందు ట్రాకులు లెక్కపెట్టండి

ఒక మామూలు జానపద బృందాన్ని ఊహించుకుందాం. గాయకులకు 2 మైకులు, కోరస్‌కు 3, కిన్నెరకు 1, డప్పులకు 2, డోలక్ రెండు వైపులా 2, కీబోర్డుకు 2 లైన్లు, జనం చప్పట్ల కోసం 2 మైకులు. మొత్తం 14. ఈ లెక్క తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఏది ఎవరికి?

రీపర్: విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. ట్రాకులకు పరిమితి లేదు. ఈక్వలైజర్, కంప్రెసర్, గేట్ లాంటివి అందులోనే ఉంటాయి. 60 రోజులు అన్ని సౌకర్యాలతో ఉచితంగా వాడి చూడొచ్చు. ఆ తర్వాత డిస్కౌంట్ లైసెన్సు 60 డాలర్లు, అంటే మన డబ్బులో 5 వేల రూపాయల పైచిలుకు. సొంతానికి వాడుకునేవాళ్లకే కాదు, దీంతో సంపాదించేవాళ్లకు కూడా ఏడాది రాబడి 20 వేల డాలర్లు దాటనంత వరకు ఇదే ధర వర్తిస్తుంది. కొన్ని మిక్సర్లు 32 చానెళ్లనూ ఒకే వేవ్ ఫైలులో పెట్టి ఇస్తాయి. దాన్ని విడివిడి ట్రాకులుగా విప్పే సౌకర్యం కూడా ఇందులో ఉంది.

ఆర్డర్: ఓపెన్ సోర్స్. లినక్స్ వాడేవాళ్లకు మంచి ఎంపిక. ఉబుంటు రిపాజిటరీలో ఉచితంగానే దొరుకుతుంది. మల్టీట్రాక్ రికార్డింగ్, మిక్సింగ్ కోసమే తయారైంది.

వేవ్‌ఫామ్ ఫ్రీ: పూర్తిగా ఉచితం. ట్రాకులకు పరిమితి లేదు. పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలనుకుంటే దీంతో మొదలుపెట్టండి.

డావిన్సీ రిజాల్వ్: దీన్ని వీడియో ఎడిటింగ్‌కు వాడేవాళ్లు ఎక్కువ. ఉచిత వెర్షన్‌లోనే ఫెయిర్‌లైట్ అనే ఆడియో విభాగం ఉంది. యూట్యూబ్ కోసం పాట, వీడియో రెండూ మీరే చేస్తుంటే ఒకే చోట పనైపోతుంది. కాకపోతే ల్యాప్‌టాప్ గట్టిది కావాలి.

ప్రో టూల్స్ ఇంట్రో: పెద్ద స్టూడియోల్లో బాగా వాడే ప్రో టూల్స్‌కు ఉచిత రూపం. ఆడియో ట్రాకులు 8 మాత్రమే. పైన చెప్పుకున్న బృందానికి చాలదు. స్టూడియో ఉద్యోగం లక్ష్యమైతే ఆ స్క్రీనుకు, షార్ట్‌కట్లకు అలవాటు పడటానికి పనికొస్తుంది.

ఆడాసిటీ: ఉచితం, తేలిక. ముక్కలు కత్తిరించడానికి, శబ్దం శుభ్రం చేయడానికి భేష్. 14 ట్రాకుల మిక్సింగ్‌కు మాత్రం సౌకర్యంగా ఉండదు.

ల్యాప్‌టాప్ సంగతేంటి?

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక ట్రాకు నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ తింటుంది. 14 ట్రాకులు, రెండు గంటలు అంటే సుమారు 14.5 జీబీ. ఒరిజినల్ ఫైళ్లను ముట్టుకోకుండా వేరే డ్రైవులో ఒక కాపీ దాచాకే పని మొదలుపెట్టండి. మిక్సింగ్ చేసేటప్పుడు బఫర్ సైజు 1024కు పెంచితే ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది. అయినా మొరాయిస్తే ట్రాకును ఫ్రీజ్ చేసే ఆప్షన్ వాడండి.

డౌన్‌లోడ్ చేశాక ఓ చిన్న పరీక్ష పెట్టండి. జనం మైకు స్టేజీకి 17 మీటర్ల దూరంలో ఉందనుకోండి. శబ్దం అక్కడికి చేరడానికి దాదాపు 50 మిల్లీసెకన్లు పడుతుంది. సరిచేయకుండా కలిపితే డప్పు రెండుసార్లు కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ ట్రాకును అంతే మేర ముందుకు జరపడం ఏ సాఫ్ట్‌వేర్‌లో మీకు తేలిగ్గా వస్తే అదే మీది.

క్రాక్ జోలికి వద్దు

‘అన్నా, క్రాక్ వెర్షన్ ఉంది, వేసుకో’ అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ ఫైలుతో పాటు వైరస్ వస్తే పోయేది మీ ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు. మిమ్మల్ని నమ్మి ఓ కళాకారుడు ఇచ్చిన పాట కూడా పోతుంది. పైగా దొంగ కాపీతో చేసిన పనిని ఇంటర్వ్యూలో ధైర్యంగా చూపించలేరు. ఉచితంగా ఇన్ని దొరుకుతున్నప్పుడు ఆ అవసరమే లేదు.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

లైవ్ సౌండ్, ఈవెంట్ రికార్డింగ్, యూట్యూబ్ చానెళ్లు, పోస్ట్ ప్రొడక్షన్.. ఎక్కడైనా సర్టిఫికెట్ కంటే ముందు అడిగేది ‘మీరు చేసింది వినిపించండి’ అనే. ప్రాక్టీసుకు ట్రాకులు లేవని ఆగిపోకండి. మైక్ సీనియర్ ‘మిక్సింగ్ సీక్రెట్స్’ లైబ్రరీలో వందల పాటల మల్టీట్రాకులు నేర్చుకునేవాళ్ల కోసం ఉచితంగా ఉన్నాయి. వాటితో చేయి తిరిగాక మీ ఊరి మైక్‌సెట్ వాళ్లతో మాట్లాడండి. కళాకారుల అనుమతి తీసుకుని ఒక కార్యక్రమం రికార్డు చేయండి. అదే పాట మిక్సింగ్‌కు ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని ఒక్కో నిమిషం చొప్పున పక్కపక్కన పెట్టండి. అలాంటి మూడు పాటలుంటే మీ పోర్ట్‌ఫోలియో సిద్ధం. ఇంకా లోతుగా చదవాలంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో సౌండ్ కోర్సులున్నాయి. వాటి నోటిఫికేషన్లపై ఓ కన్నేసి ఉంచండి.

రోజుకో సాఫ్ట్‌వేర్ మార్చుకుంటూ పోతే ఏదీ రాదు. గెయిన్, ఈక్యూ, కంప్రెషన్, బస్.. ఈ నాలుగూ ఒకచోట బాగా వస్తే మిగతావాటిలో బటన్లు వెతుక్కోవడమే ఉంటుంది. ఒకటి ఎంచుకోండి. ఆరు నెలలు దాన్నే పట్టుకోండి.