ప్రయోగశాలకు కావలసిన కృత్రిమ పెప్టైడులు

మన శరీరములోని మాంసకృత్తులన్నియు అమైనో ఆమ్లములనెడి చిన్న పదార్థముల గొలుసులని పై తరగతులవారు చదివియే యున్నారు. ఆ గొలుసు పొట్టిదైనచో దానిని పెప్టైడని పిలుతురు. ఎన్ని పూసలవరకు పెప్టైడు, ఎన్నిటినుండి మాంసకృత్తు అనుటకు గట్టి సరిహద్దు లేదు. సుమారు 50 అని వాడుక. ప్రకృతి సామాన్యముగా వాడు పూసలు 20 రకములు. ప్రసవకాలమున గర్భాశయమును ముడుచుకొనజేయు ఆక్సిటోసిన్‌లో 9 పూసలు, తేనెటీగ విషములోని మెలిటిన్‌లో 26, మధుమేహరోగుల కిచ్చు ఇన్సులిన్‌లో రెండు గొలుసులుగా 51 కలవు. పూసలవే యైనను వరుస మారినచో గుణము మారును. రసము, సరము అను రెండు మాటలలో నున్నవి అవే యక్షరములు గదా!

ఇట్టి గొలుసులను మనుష్యుడు స్వయముగా నేల కట్టవలెను? దీనికి తెలుగునాటనే చక్కని దృష్టాంతము గలదు. హైదరాబాదులో 1977లో పుష్ప మిత్ర భార్గవ గారి నాయకత్వమున ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును జనులు సి.సి.ఎం.బి. యందురు. ఆబోతు రేతోద్రవములో సెమినల్‌ప్లాస్మిన్ అను మాంసకృత్తు కలదనియు, అది సూక్ష్మజీవులను అణచుననియు భార్గవ గారును వారి సహచరులును 1979లో ప్రకటించిరి. దాని గొలుసులో 47 పూసలు. వీనిలో ఏ భాగమున ఆ శక్తి యున్నది? సహజపదార్థమును ముక్కలు చేసి వెదకుట కంటె, అనుమానము గల భాగమునే క్రొత్తగా కట్టి పరీక్షించుట మేలు. ఆ కేంద్రమునందే ఆర్. నాగరాజ్ గారును వారి సహపరిశోధకులును 13 పూసల తునుకను కృత్రిమముగా నిర్మించి, 1990లో ఫలితమును వెల్లడించిరి. ఆ తునుక సూక్ష్మజీవులను చంపినది. ఎర్ర రక్తకణములను కూడ పగులగొట్టినది. ఈ రెండవ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దానితో ముందు పని యున్నది.

నిర్మాణవిధానమును గూర్చి కొంత చెప్పవలెను. జర్మనీ దేశీయుడగు ఎమిల్ ఫిషర్ 1901లో రెండు గ్లైసీన్ పూసలను కలిపి, 1907 నాటికి 18 పూసల గొలుసు వరకు పోయెను. ప్రతి మెట్టునను పదార్థమును వేరుచేసి శుద్ధిపరుపవలసి యుండుటచే పని మిక్కిలి మెల్లగా సాగెడిది. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందము అమెరికాలో నిర్మించిన ఫోలిక్ ఆమ్లమునందును ఒక అమైనో ఆమ్లము, అనగా గ్లుటామిక్ ఆమ్లము, ఇట్టి బంధముచేతనే యతుకబడి యున్నది. 1963లో రాబర్ట్ బ్రూస్ మెరిఫీల్డ్ ఒక సులభోపాయమును ప్రకటించెను. మొదటి పూసను కరగని రెసిన్ రేణువునకు కట్టివేయుట, రెండవ పూసకు ఒక చేతిని కప్పి రెండవ చేతిని మాత్రము కలుపుట, మిగిలినదానిని కడిగివేయుట, కప్పు తీసి మూడవ పూసను చేర్చుట. గొలుసు రేణువును విడువదు గనుక వడపోతతోనే శుద్ధి యగును. తుదకు ఆమ్లముతో దానిని రేణువునుండి కోయుదురు. ఇందులకై ఆయనకు 1984లో నోబెల్ బహుమానము లభించెను.

అయినను కడుగుటవలన పోని దోష మొకటి గలదు. ప్రతి అతుకును నూటికి 99 వంతులు నెరవేరెననుకొందము. 10 పూసల గొలుసునకు 9 అతుకులు. సరియైన గొలుసులు నూటికి 91 వచ్చును. 50 పూసలకు 49 అతుకులు. అప్పుడు 61 మాత్రమే. అతుకు 98 వంతులే నెరవేరినచో 37కు దిగును. లెక్కల తరగతివారు గుణించి చూచుకొనవచ్చును. మిగిలినవి ఒక పూస లోపించి, అసలుదానినే పోలియుండు గొలుసులు. వానిని వేరుచేయుట కష్టము. పొడుగు గొలుసు ప్రియమగుటకు ముఖ్యకారణ మిదియే.

ఇక సంపాదించుట యెట్లు? హైదరాబాదులోని దివీస్ లాబొరేటరీస్ వారు ఒక చేయి కప్పిన అమైనో ఆమ్లములను, న్యూలాండ్ లాబొరేటరీస్ వారు ఔషధములకగు పెప్టైడులను తయారుచేయుదురు. అది పెద్ద యెత్తు వ్యవహారము. పరిశోధకునకు కావలసినది కొలది మిల్లీగ్రాములు. పూసల వరుస వ్రాసి పంపినచో కట్టియిచ్చు సంస్థలు వేరుగా కలవు. సీసాతోపాటు ఆ విడతకే చెందిన రెండు పత్రములను అడిగి తీసికొనవలెను: ద్రవవర్ణలేఖన పటము శుద్ధిని, ద్రవ్యరాశి మాపక పటము గొలుసు బరువును తెలుపును. వేరొక విడత పత్రము పనికిరాదు.

శుద్ధి వేరు, తూకము వేరు. మా అచ్చంపేట మిరపరైతున కిది చెప్పనక్కర లేదు. బస్తాలో తాలుకాయలెన్ని యనునది ఒక ప్రశ్న. కాయలో తేమ యెంత యనునది మరియొకటి. తాలు లేని బస్తాయైనను తేమ యుండవచ్చును. అట్లే 98 వంతుల శుద్ధి యనగా ఉన్న పెప్టైడులో తాలు రెండు వంతులే యని యర్థము. 10 మిల్లీగ్రాముల పొడిలో నీరును, తయారీలో వాడిన ఆమ్లలవణమును పోగా పెప్టైడు 7 లేక 8 మిల్లీగ్రాములే యుండవచ్చును. దీని నెరుగక ద్రావణము కలిపినవాని లెక్కలన్నియు తప్పును. మరియు అవే పూసలను వరుస మార్చి కట్టిన రెండవ గొలుసును కూడ తెప్పించి పోల్చి చూడవలెను. లేనిచో ఫలితము వరుసవలన కలిగెనని చెప్పుట కాధారము లేదు.

పొడిని సున్నకు దిగువ 20 డిగ్రీలలో పొడిగా నుంచవలెను. వెలికి తీసిన వెంటనే మూత విప్పిన చల్లని పొడి గాలిలోని తేమను పీల్చుకొనును. కావున గది వేడిమికి వచ్చువరకు ఆగవలెను. ద్రావణమును చిన్న భాగములుగా పంచి గడ్డకట్టించిన మేలు.

చెప్పక తప్పని మాట యొకటి యున్నది. కండలు పెరుగుననియు, క్రొవ్వు కరగుననియు ఆశపెట్టి ఇట్టి పొడుల సీసాలను నేడు సెల్‌ఫోను ద్వారా యువకులకు అమ్ముచున్నారు. పైని మాత్రము పరిశోధనకే గాని మనుష్యుల వాడుకకు కాదని వ్రాసియుండును. కొందరు దీనిని గొప్పతనపు ముద్రగా భావించుచున్నారు. అది అమ్మువాడు తన బాధ్యతను తొలగించుకొను మాట. పటములోని 98 అను అంకె ఆ పొడిలో సూక్ష్మజీవులు గాని, వాని విషశేషములు గాని లేవని చెప్పదు. ఎంత మోతాదు దేహమునకు తగునో అసలే చెప్పదు. ఇన్సులిన్ కూడ పెప్టైడే కదా యని వాదింతురు. నిజమే, కాని అది 1940 నాటి ఔషధ చట్టము క్రింద అనుమతి పొందిన కర్మాగారములో తయారై, వైద్యుని చీటీతో వచ్చునది. పైని చెప్పిన 13 పూసల తునుక పరీక్షనాళికలో రక్తకణములను పగులగొట్టినప్పుడు పరిశోధకులకు క్రొత్త విషయము తెలిసినది. నరములోనికి సూది గ్రుచ్చుకొన్నవానికి అట్టి విషయము తెలియు రీతి వేరు.

పెప్టైడు బంధమును కంట చూడగోరువారికి ఖరీదైన సీసా అవసరము లేదు. కోడిగ్రుడ్డు తెల్లసొనను నీటిలో కలిపి, ఉపాధ్యాయుని సమక్షమున కొంచెము సోడియం హైడ్రాక్సైడు ద్రావణమును, పిమ్మట రెండు చుక్కల పలుచని మైలుతుత్తపు నీటిని వేసినచో ఊదావన్నె వచ్చును. గ్లైసీన్‌తో ఇట్లే చేసినచో నీలమే నిలుచును, గొలుసు లేదు గనుక. ఈ పరీక్ష గొలుసున్నదని మాత్రము చెప్పును. పూసల వరుసను చెప్పజాలదు.