మీకు తెలుసా? నిద్రలో ఆ కేకలు పీడకల కాదు

పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేచి, కళ్లు తెరిచే ఉన్నా ఎవరినీ గుర్తించకుండా కేకలు పెట్టడం పీడకల కాదు. గాఢనిద్ర నుంచి సగమే మేలుకున్న స్థితి. సాధారణంగా నిద్రపట్టిన మొదటి రెండు మూడు గంటల్లో వస్తుంది, తెల్లారితే బిడ్డకు గుర్తుండదు. నిద్ర చాలకపోవడం, జ్వరం, పెద్ద శబ్దం దీనికి కారణం కావచ్చు. రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నా నిద్ర చాలదు. ఉదాహరణకు, 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ రాత్రి 10 గంటలకు ఎగిరింది. అలాంటి ప్రయోగం చూడటానికి మేలుకొనే పిల్లలను ఆ మధ్యాహ్నం కాసేపు పడుకోబెట్టడం మంచిది. దిష్టి తీస్తే ఈ కేకలు తగ్గినట్టు కనిపించేది, అవి కొద్ది నిమిషాల్లో వాటంతటవే తగ్గుతాయి కాబట్టే. కుదిపి లేపకూడదు, దెబ్బ తగలకుండా పక్కన ఉంటే చాలు. రోజూ ఒకే వేళకు వస్తుంటే, పావుగంట ముందే మెల్లగా లేపి మళ్లీ పడుకోబెట్టాలి. ఒళ్లు బిగుసుకుపోయినా, ఒకే రాత్రి పలుమార్లు వచ్చినా డాక్టరుకు చూపించాలి.