ఇండియా టూర్‌కి బెస్ట్ సీజన్ ఏది? మన సెలవుల లెక్కలో చూద్దాం

"అన్నా, ఇండియా తిరగడానికి బెస్ట్ సీజన్ ఏది?" అని చాలామంది అడుగుతున్నారు. నెట్‌లో వెతికితే "అక్టోబర్ నుంచి మార్చి" అని ఒకటే ఆన్సర్ వస్తుంది. అది ఫారిన్ నుంచి వచ్చేవాళ్ల లెక్క. మన పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఇంటిల్లిపాదికీ సెలవులు కలిసేది మూడేసార్లు: ఎండాకాలం, దసరా, సంక్రాంతి. ఏడాదంతా దాచుకున్న డబ్బుతో ఒక్క ట్రిప్ వేస్తాం, అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్తాం. నెల తప్పిందంటే డబ్బులు పోవడమే కాదు, ఒక్కోసారి ప్రాణాల మీదకి వస్తుంది. అందుకే ఈ రోజు మన సెలవుల ప్రకారమే చెప్తాను.

ముందు వాన సంగతి. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, జూలై రెండో వారానికి దేశమంతా పరుచుకుంటాయి. ఆ మేఘాలు పడమటి కనుమలకు తగిలి అక్కడే బాగా కురుస్తాయి. కొండలు దాటి మన దాకా వచ్చేసరికి తేమ తగ్గిపోతుంది. జూలైలో మనకు మబ్బు పట్టి కూడా చినుకు రాలనిది అందుకే. కానీ అటు మహాబలేశ్వర్ వైపు పడిన వానే కృష్ణలో కలిసి వచ్చి మన పక్కనున్న శ్రీశైలం డ్యామ్‌ను నింపుతుంది. గేట్లు ఎత్తారని తెలియగానే మనం దోర్నాల మీదుగా చూడ్డానికి వెళ్తామే, ఆ నీళ్లు చాలావరకు అక్కడి వానవే. అంటే ఒకే నెలలో ఒకచోట వరద, ఇంకోచోట ఎండ. ఇది గుర్తుంటే మిగతాదంతా ఈజీ.

ఇక ఎండాకాలం సెలవులు. మే నెలలో రాజస్థాన్ జోలికి పోవద్దు. 2016 మే 19న అక్కడి ఫలోదిలో 51 డిగ్రీలు కొట్టింది. ఎత్తు చూసుకోండి. కిలోమీటరు పైకి వెళ్తే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది కాబట్టే అంత చల్లగా ఉంటుంది. హిమాచల్, కశ్మీర్, సిక్కిం కూడా మేలో బాగుంటాయి. కేదార్‌నాథ్, బదరీనాథ్ అనుకుంటే జూన్ మొదటి వారం లోపే తిరిగి వచ్చేయండి. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్ వరదల్లో మన తెలుగు యాత్రికులు కూడా చాలామంది చిక్కుకుపోయారు. వానలు మొదలైతే అక్కడ కొండచరియలు విరిగిపడతాయి.

జూలై, ఆగస్టులో లీవ్ దొరికితే లడఖ్ వెళ్లొచ్చు. హిమాలయాల వెనక ఉండటం వల్ల అక్కడ వాన చాలా తక్కువ. కాకపోతే లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. దిగిన వెంటనే తిరగొద్దు, రెండు రోజులు రెస్ట్ తీసుకోండి. బీపీ, గుండె సమస్యలున్న పెద్దవాళ్లయితే ముందు డాక్టర్‌ని అడగండి.

దసరాకి సీన్ రివర్స్. ఉత్తరాదిలో వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది. ఉత్తరాఖండ్, హిమాచల్‌కి మంచి టైమ్. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అదీ మన వైపే. చెన్నైలో ఎక్కువ వాన పడేది నవంబర్‌లో. 2021 నవంబర్‌లో తిరుమల ఘాట్ రోడ్లే మూసేశారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ నెలల్లో తమిళనాడు, తిరుపతి వెళ్తే ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకోండి.

సంక్రాంతికి రాజస్థాన్, కచ్, కేరళ, అరకు... ఏదైనా హ్యాపీగా వెళ్లండి. లంబసింగి చలి చూడాలన్నా ఇదే టైమ్. ఢిల్లీ, ఆగ్రా మాత్రం జాగ్రత్త. పొగమంచుకి రైళ్లు గంటల తరబడి లేటవుతాయి, తాజ్‌మహల్ ఎదురుగా నిలబడినా కనిపించకపోవచ్చు.

చివరగా, రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అవుతాయి. అందుకని ఊరు ఫిక్స్ చేసే ముందే నెల చూసుకోండి. బయల్దేరే వారం ముందు నుంచి భారత వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూ ఉండండి. రెడ్ అలర్ట్ ఉంటే టికెట్ డబ్బులు పోయినా సరే, ఆగిపోండి. ఊరు ఎక్కడికీ పోదు, వచ్చే సెలవులకి వెళ్లొచ్చు. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.